కెప్టెనమ్మ కుడి చెయ్యి

ఆ కార్ఖానాలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. గేటు దగ్గర కాపలాదారు మొదలుకొని యజమానురాలి దాకా అందరికీ ఆమె కెప్టెనమ్మే. వయసులో ఉన్నప్పుడు ఊళ్ళోని మహిళల హాకీ జట్టుకు చాలాకాలం కెప్టెన్‌గా ఉంది. మోకాలు మొరాయించి ఆట మానేశాక, హాకీ కర్రలు తయారుచేసే ఈ కార్ఖానాలో చేరింది. ఆట పోయింది గాని పిలుపు మిగిలింది. ఎవరైనా వేళాకోళం చేస్తే, "కష్టపడి సంపాదించుకున్నది, ఊరికే ఎందుకు వదులుకుంటాను?" అనేది.

ఆమె చేసే పని ఏమిటో చెబితే వినేవాళ్ళకు ముందు నవ్వొచ్చేది. పొద్దున్నే వచ్చి కొత్త కర్రలతో ఆడడం, ఏది ఎలా ఉందో చెప్పడం. ఆమె భర్త సిటీ బస్సు నడుపుతాడు. డిపోలో టీ తాగుతూ తోటి డ్రైవర్లతో, "నేను ఊరంతా తిప్పితే గాని జీతం రాదు. మా ఆవిడ బంతి ఆపితే చాలు, వచ్చేస్తుంది," అని చెప్పుకుని మురిసిపోయేవాడు.

కార్ఖానా వెనక పొడవాటి షెడ్డు ఒకటి ఉంది. నేలంతా మైదానాల్లో పరిచే పచ్చటి నకిలీ గడ్డి. దాన్ని తడిపేందుకు ఒక పైపు, ఒక చివర బంతులు విసిరే యంత్రం. ముందు గదుల్లో కార్బన్ బట్టను కత్తిరించి, జిగురు పట్టించి, పొరలు పొరలుగా చుట్టి, వేడి అచ్చుల్లో పెట్టి నొక్కుతారు. అచ్చులోంచి తీసిన కర్ర చల్లారి, అంచులు నున్నబడి, పైన పట్టుకునేచోట టేపు చుట్టించుకున్నాక ఈ షెడ్డుకు వస్తుంది. పైనున్న పిడికీ, బంతిని కొట్టే కింది వంపుకీ మధ్యనున్న పొడవాటి భాగాన్ని అక్కడ అందరూ కాడ అంటారు. ఇంజనీరు మాత్రం షాఫ్ట్ అంటాడు. పేరు ఏదైనా కర్ర గుణమంతా అందులోనే ఉంటుంది. ఎంత వంగుతుందో, వంగినది ఎంత తొందరగా తిరిగొస్తుందో, బంతి తగిలిన అదురులో తాను ఎంత మింగి చేతికి ఎంత పంపుతుందో, ఆ కాడే తేలుస్తుంది.

వంపు కొలవడానికి ఇంజనీరు గదిలో యంత్రం ఉంది. కాడను రెండు దిమ్మెల మీద ఆనించి నడుమ బరువు వేలాడదీస్తే ఎంత కుంగిందో ముల్లు చూపిస్తుంది. ఆ ముల్లంటే కెప్టెనమ్మకు గౌరవమే. "అది అబద్ధం చెప్పదు. కాకపోతే అడిగినదానికే జవాబు చెబుతుంది," అనేది. మిగతావి అడగడం తన పని. ముందు కర్ర కొనను నేలకు తట్టి చెవి ఒగ్గేది. ఆ తర్వాత యంత్రం విసిరే బంతుల్ని ఆపేది, మొదట నెమ్మదిగా వచ్చేవి, తర్వాత బుల్లెట్లలా వచ్చేవి. బంతిని కుడికీ ఎడమకీ తిప్పుతూ షెడ్డు ఆ చివరికి నడిచేది. అన్నీ అయ్యాక చివర్లో కొట్టేది.

హాకీలో ఎడమ చెయ్యి పైన ఉండి కర్రను తిప్పుతుంది. కుడి చెయ్యి కాడ మధ్యలో వదులుగా ఆనుతుంది. బంతి ఆగినప్పుడు కబురు అందేది ఆ కుడి చేతికే. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు. ఇన్నేళ్ళ ఉద్యోగం కెప్టెనమ్మ ఆ మూడు వేళ్ళతోనే చేసింది.

ఇంజనీరు ఇక్కడికి రాకముందు గాలిమరల రెక్కలు తయారుచేసే చోట పనిచేశాడు. కొత్తలో ఆమె మాటలు అతనికి అంతుపట్టలేదు. ఒక కాడ 'జుమ్మంటోంది' అనేది, ఇంకొకటి 'కొరుకుతోంది' అనేది. ఒకటి 'బెట్టు చేస్తోంది', మరొకటి 'మాట వింటోంది'. అయినా అతను ఓపికగలవాడు. ఆమె ఏ కాడను ఏమందో, ఆ కాడలో ఏ పొర ఎంత ఉందో పక్కపక్కన పెట్టి చూసుకుంటూ పోయాడు. కొన్నాళ్ళకు ఆమె 'కొరుకుతోంది' అనేలోపే అతను "కార్బన్ తగ్గిస్తాను" అనేవాడు. ఒకరు లేకుండా ఇంకొకరికి పని సాగదని ఇద్దరికీ తెలుసు.

ఆ ఏడు ఒక పేరున్న మహిళల క్లబ్బు కొత్త కర్రలు కావాలని కబురు పంపింది. దెబ్బ గట్టిగా ఉండాలి, వేగంగా వచ్చిన బంతి ఆగి కాళ్ళ దగ్గరే ఉండాలి, చెంగున ఎగిరిపోకూడదు. ఇంజనీరు చాలా ఆలోచించి కాడ కింది సగంలో కార్బన్ కొంత తీసేసి ఆ చోట అవిసె నార పొరలు వేశాడు. అవిసె నార అదురును బాగా మింగుతుందని అతని నమ్మకం. ఒకరోజు పొద్దున్నే కర్ర పట్టుకుని తనే షెడ్డుకు వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

కెప్టెనమ్మ తట్టింది. ఆపింది. తిప్పింది. కొట్టింది. ఇంకోసారి ఆపింది.

"మొద్దుగా ఉంది బాబూ," అంది.

"మొద్దా?"

"నిద్రపోతోంది. బంతి వచ్చి తగిలినా లేవట్లేదు."

అతని ముఖం వాడిపోయింది. అయినా ఎదురు చెప్పలేదు. ఆమె మాట ఎప్పుడూ తప్పలేదు మరి. నార తీసేసి, అంతా కార్బన్‌తో బిగువైన కాడ తయారుచేసి తెచ్చాడు. దాంతో బంతి ఆపగానే కెప్టెనమ్మ కళ్ళు మెరిశాయి.

"ఇదీ బతికున్న కర్రంటే. టకటకా మాట్లాడుతోంది. పంపించెయ్యి."

పంపించారు.

కొద్దిరోజులకు యజమానురాలు ఆమెను తన గదికి పిలిచింది. ఆవిడ తండ్రి నడిపిన కార్ఖానాను చిన్నప్పట్నుంచీ చూస్తూ పెరిగిన మనిషి. గొంతు పెంచదు, కానీ చెప్పాల్సింది దాచదు.

"కెప్టెన్, ఆ క్లబ్బు కోచ్ ఫోన్ చేశారు. బంతి ఆపితే చేతులు మండిపోతున్నాయట. పిల్లలు పాత కర్రలే తీసుకుంటున్నారట."

"ఏ కర్రలు? మొన్న మనం పంపినవా?"

"అవే."

"పొరపాటున వేరే పెట్టె వెళ్ళిందేమో మేడమ్."

"పెట్టె సరైనదే. నేను కనుక్కున్నాను."

కెప్టెనమ్మ వాదన పెట్టుకోలేదు. "నేను వెళ్ళి చూసొస్తాను," అంది. ఆ మధ్యాహ్నమే వెళ్ళింది.

మైదానంలో అమ్మాయిలు ఇద్దరిద్దరుగా నిలబడి బంతులు ఇచ్చిపుచ్చుకుంటున్నారు. బంతి ఆపిన ప్రతి అమ్మాయీ కుడి చేతిని కర్ర మీంచి తీసి, తడి దులుపుకున్నట్టు దులుపుకుంటోంది. కెప్టెనమ్మ గీత అవతల నిలబడి కాసేపు చూసింది. తర్వాత చెప్పులు విడిచి, బూట్లు అరువడిగి వేసుకుని, ఒక కర్ర తీసుకుని లోపలికి వెళ్ళింది.

"కొట్టమ్మా," అంది ఎదురుగా ఉన్న పొడుగాటి అమ్మాయితో. ఆ అమ్మాయి జట్టులో ఫుల్‌బ్యాక్, గోలుకు ముందు నిలబడి కాచే మనిషి. "నన్ను చూసి మొహమాటపడకు. మ్యాచిలో కొట్టినట్టే కొట్టు."

బంతి గడ్డి మీద నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చింది. కెప్టెనమ్మ కర్ర అడ్డంపెట్టి ఆపింది. చేతికి చక్కటి తట్టు తగిలింది, తలుపు మీద స్నేహితురాలు తట్టినట్టు. మంట లేదు, నొప్పి లేదు.

పొడుగమ్మాయి దగ్గరికి వచ్చి, "చురుక్కుమనలేదా ఆంటీ?" అని అడిగింది.

"లేదే."

ఆ అమ్మాయి తన అరచెయ్యి చూపించింది. వేళ్ళ మొదళ్ళు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

తిరిగి వచ్చేటప్పుడు కెప్టెనమ్మ బస్సు కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా అదే ఆలోచించింది. అంతమంది పిల్లలు కూడబలుక్కుని వంక పెడుతున్నారనుకోవడానికి మనసొప్పలేదు. కాడ మారలేదు, బంతి మారలేదు, గడ్డీ అదే. ముల్లు సరిగ్గా తిరుగుతోందో లేదో ఇంజనీరు వారం వారం చూసుకుంటాడు. బంతులు విసిరే యంత్రానికి మెకానిక్ ఉన్నాడు. మరి తన చేతిని చూసిందెవరు? ఇన్నేళ్ళలో ఒక్కరూ చూడలేదు. చూడాలని ఆమెకూ తోచలేదు.

మర్నాడు కార్ఖానాలో అడుగుపెట్టగానే సరాసరి ఇంజనీరు గదికి వెళ్ళింది.

"బాబూ, ఇవాళ కర్రలకు కాదు, నాకు పరీక్ష పెట్టు."

"అదేంటి కెప్టెన్ గారూ?"

"పాతవీ కొత్తవీ కాడలు కొన్ని తియ్యి. అన్నిటికీ ఒకే నల్లగుడ్డ చుట్టు. ఏది ఏదో నీకు తప్ప ఎవరికీ తెలియకూడదు. నాకు ఒక్కొక్కటే ఇవ్వు. మధ్యలో ఇచ్చిందే మళ్ళీ ఇవ్వు. పొద్దున ఓసారి, మధ్యాహ్నం ఓసారి."

అతను తటపటాయించాడు. "మీ చేతికి నేను పరీక్ష పెట్టడమేంటండీ, బాగుండదు."

"ముల్లుకు పెడతావు, నాకు పెట్టవా? నేనేం దానికంటే సుకుమారమా?"

ఆ రోజంతా షెడ్డులో ఇద్దరే ఉన్నారు. ఆమె బంతి ఆపి మాట చెప్పేది, అతను రాసుకునేవాడు. పొద్దున మందకొడిగా సాగింది. మధ్యాహ్నం ఆమెకు కాస్త ఊపు వచ్చింది, మాటలు చకచకా పడ్డాయి. అంతా అయ్యాక అతను తన కాగితాన్ని మడతపెట్టి జేబులో పెట్టుకోబోయాడు.

"చెప్పు బాబూ."

"రేపు మాట్లాడుకుందామండీ. మీరు అలిసిపోయారు."

"నాకు జాలి వద్దు, జవాబు కావాలి."

"పొద్దున మీరు ఒకదాన్ని మొద్దు అన్నారు, గుర్తుందా? మధ్యాహ్నం ఇంకొకదాన్ని, మాట వింటోంది, ఎంత బుద్ధిగా ఉందో అన్నారు." "రెండూ ఒకటే కర్ర. నేను నార వేసి మొదట తెచ్చిందే."

కెప్టెనమ్మ బోర్లించి ఉన్న ప్లాస్టిక్ డబ్బా మీద కూలబడింది. కుడి చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎవరి చెయ్యో అన్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత తలెత్తింది.

"దొంగ దొరికాడు," అంది. "కర్రలో వెతుకుతున్నాం మనం. వాడు చేతిలో ఉన్నాడు."

"అంటే..."

"అంటే నీ కాడ మంచిదే బాబూ. చెడ్డదన్నది నేను. ముందు ఆ మాట మేడమ్‌తో చెప్పొస్తాను, పద."

ఇంటికి వెళ్ళి సంగతి చెబితే అత్తగారు ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. ఆవిడ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయిన మనిషి. ఇంట్లో ఎవరు తుమ్మినా ఆవిడ లెక్కలోకి వెళ్ళాల్సిందే.

"నీ చెయ్యి సంగతి నాకెప్పుడో తెలుసు," అంది కళ్ళజోడు సర్దుకుంటూ. "గ్లాసు ఎడమ చేత్తో అందుకుంటున్నావు. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి ముందెప్పుడూ అంతసేపు పట్టేది కాదు. తెల్లారి లేవగానే చెయ్యి విదిలిస్తున్నావు, ధర్మామీటరు విదిలించినట్టు."

"మరి చెప్పొచ్చుగా అత్తయ్యా?"

"చెప్పలేదా? చెబితే ఏమన్నావు? నా చేతికేమైంది, గుండ్రాయిలా ఉంది అన్నావు."

"గుండ్రాయిలాగే ఉంది. అదే కదా వచ్చిన చిక్కు," అంది కెప్టెనమ్మ.

పక్కగదిలో యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటున్న భర్త పకాలున నవ్వి, వెంటనే నాలిక్కరుచుకున్నాడు. అత్తగారు కోడల్ని కుర్చీలో కూర్చోబెట్టి, రెండు మణికట్లూ వంచి, అరచేతుల వెనక భాగాలు ఒకదానికొకటి ఆనించమంది. "అలాగే ఉంచు. తియ్యకు." కాసేపటికే కుడి చేతి మూడు వేళ్ళలో చీమలు పాకడం మొదలైంది. అవే మూడు వేళ్ళు. ఎడమ చెయ్యి మాత్రం నిక్షేపంగా ఉంది.

"మణికట్టులో నరం నలుగుతోంది," అంది అత్తగారు. "ఏళ్ళ తరబడి దెబ్బలు తిన్న చెయ్యి. రేపు నాతో డాక్టరు దగ్గరికి వస్తున్నావు."

"రేపు షెడ్డులో పనుంది అత్తయ్యా."

"వస్తావా అని అడగలేదు, వస్తున్నావని చెప్పాను."

డాక్టరు కూడా అదే చెప్పింది. చిన్న ఆపరేషను, నరం మీద ఒత్తిడి తీసేస్తే సరిపోతుంది. అయితే స్పర్శ మెల్లగా తిరిగొస్తుంది, మునుపటిలా మొత్తం రాకపోవచ్చు కూడా. పొద్దుటిపూట తిమ్మిరి ఎక్కువగా ఉండడం ఈ జబ్బుకు మామూలేనట. కెప్టెనమ్మకు ఒక్కసారిగా అంతా బోధపడింది. మొద్దుబారిన చేతికి మెత్తటి కాడ నిద్రపోతున్నట్టే ఉంటుంది. పక్కవాళ్ళకు మంట పుట్టించే కాడ మాత్రం, అంత గట్టిగా అరిస్తే గాని వినిపించని చేతికి, చక్కగా మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

డాక్టరు చెప్పినదంతా విని యజమానురాలు కుర్చీ దగ్గరికి జరుపుకుంది. తర్వాత మృదువుగా అంది.

"ప్యాకింగు గదిలో చివరి తనిఖీకి మనిషి కావాలి కెప్టెన్. కూర్చుని చేసే పని. జీతంలో తేడా ఉండదు. నువ్వు లేకుండా ఈ కార్ఖానా ఉంటుందని నేను అనుకోను."

అందులో దయ ఉందని కెప్టెనమ్మకు తెలుసు. అయినా తల అడ్డంగా ఊపింది.

"నా చెయ్యి సెలవు పెట్టింది మేడమ్. నేను పెట్టలేదు. కాడను ఏమడగాలో నాకు తెలుసు. జవాబు వినడానికి వేరే చేతులు తెచ్చుకుంటాను. కొన్నాళ్ళు చూడండి. కుదరకపోతే మీరు చెప్పకముందే ప్యాకింగు గదికి వెళ్ళి కూర్చుంటాను."

ఆవిడ నవ్వింది. "చేతులు ఎక్కణ్ణుంచి తెస్తావు?"

"ఊళ్ళో బోలెడున్నాయి."

ముగ్గుర్ని పోగుచేసింది. ఒకప్పుడు తన జట్టులో ఆడి ఇప్పుడు బడిలో వ్యాయామం నేర్పుతున్న టీచరమ్మ. ఆ క్లబ్బు ఫుల్‌బ్యాక్ పొడుగమ్మాయి. మూడోవాడు బజారులో తాళాలు బాగుచేసే మనిషి, సెలవురోజుల్లో సరదాకి ఆడేవాడు. అతని ఆట అంతంతమాత్రమే. కానీ కంటికి కనపడని లోపలి మీటల్ని వేళ్ళతో పసిగట్టే పని అతనిది. "నీ గోళ్ళు నాకొద్దు తమ్ముడూ, నీ వేళ్ళు కావాలి," అంది కెప్టెనమ్మ. అతను నిజంగా తన గోళ్ళు చూసుకున్నాడు. ఆమె చెప్పింది హాకీ గోళ్ళ గురించని పొడుగమ్మాయి వివరించాల్సి వచ్చింది.

మొదటి రోజు పని చెడింది. ముగ్గురూ బంతులు ఆపారు. టీచరమ్మ "బాగుంది" అంది. పొడుగమ్మాయి "బాగుంది" అంది. తాళాలాయన కాస్త ఆలోచించి "బాగానే ఉంది" అన్నాడు.

"బాగుందని కూరకు చెప్పండి," అంది కెప్టెనమ్మ. "ఇక్కడ ఆ మాట చెల్లదు. బంతి ఆగిపోయాక మీ చేతిలో ఏం మిగిలింది? అది చెప్పండి."

"ఏం మిగులుతుందే?" అంది టీచరమ్మ.

"కళ్ళు మూసుకుని ఆపు. తెలుస్తుంది."

కళ్ళు మూసుకుంటే బంతి ఎక్కడ తగులుతుందోనని అందరికీ భయం. యంత్రాన్ని నెమ్మదిగా తిప్పించింది. కాసేపటికి మాటలు రాసాగాయి. "సుద్దముక్క బోర్డు మీద కీచుమన్నట్టుంది," అంది టీచరమ్మ ఒకదాన్ని. "నాకు పళ్ళు జివ్వుమన్నాయి," అంది పొడుగమ్మాయి. తాళాలాయన ఒక కాడను పట్టుకుని చాలాసేపు ఆడి, "ఇది మంచి తాళంలా ఉంది అక్కా. టక్కున పడింది, పడ్డాక ఇంక గిలగిలలాడలేదు," అన్నాడు. ఇంజనీరు ఆ మాట విని లేచి నిలబడ్డాడు. అది అవిసె నార కాడ.

ఆపరేషను అయ్యాక కెప్టెనమ్మ చేతికి కట్టుతో షెడ్డుకు వచ్చింది. కర్ర ముట్టుకోకూడదని అత్తగారి ఆజ్ఞ. అది పాటిస్తోందో లేదో కనుక్కోమని ఆవిడ గేటు కాపలాదారుకు ఫోన్ కూడా చేసేది. చేతులు ఖాళీగా ఉండడంతో కెప్టెనమ్మకు చూడడం తప్ప పనిలేకపోయింది. అలా చూస్తూ చూస్తూ, ఇన్నేళ్ళూ తను ఆడుతూ ఉండడం వల్ల కంటపడనిది ఒకటి కనిపెట్టింది. మొదటి బంతి ఆపేటప్పుడు అందరి కుడి చెయ్యీ వదులుగానే ఉంటుంది. కాడ కొరికేదైతే, రెండో బంతి ఇంకా దారిలో ఉండగానే వేళ్ళు బిగుసుకుంటాయి. నోరు బాగుందన్నా సరే, చెయ్యి మాత్రం దెబ్బ గుర్తుపెట్టుకుని ముందే ముడుచుకుంటోంది. మంచి కాడైతే రెండో బంతికీ, మూడో బంతికీ పట్టు వదులుగానే ఉంటుంది.

"అటు చూడు బాబూ," అంది ఇంజనీరు చెయ్యి లాగి. "బంతి రాకముందు ఆ పిల్ల వేళ్ళు చూడు. ఆ బిగువు చూశావా? జవాబు అక్కడుంది."

అతను చూశాడు. మొదట కనిపించలేదు. ఇంకో నాలుగు బంతులు పోయాక, "అవునండీ," అన్నాడు నెమ్మదిగా. "అవును."

ఇంకో చిక్కు మిగిలింది. నార కాడతో బంతి చక్కగా ఆగుతోంది గాని, కొట్టేటప్పుడు ఊపు తగ్గిందని పొడుగమ్మాయి అంది. "ఆపడానికి ఇది ఇవ్వండి, కొట్టడానికి ఆ కార్బన్‌ది ఇవ్వండి," అంది నవ్వుతూ. మ్యాచిలో అలా మార్చుకోవడం కుదరదు కదా. ఇంజనీరు నెత్తి గోక్కున్నాడు. నార పెంచితే దెబ్బ పోతుంది, తగ్గిస్తే మంట వస్తుంది.

కెప్టెనమ్మ పొడుగమ్మాయిని పిలిచి, "బంతి కొట్టేటప్పుడు నీ కుడి చెయ్యి ఎక్కడుంటుంది?" అని అడిగింది.

"పైన. రెండు చేతులూ దగ్గరగా పెడతాను."

"ఆపేటప్పుడు?"

అమ్మాయి కుడి చేతిని కాడ మీద కిందికి జార్చి చూపించింది. కెప్టెనమ్మ ఎడమ చేత్తో సుద్ద తీసుకుని ఆ అరచెయ్యి ఆనినచోట గీత గీసింది. టీచరమ్మ చేత, తాళాలాయన చేత కూడా పట్టించి గీసింది. గీతలు మూడూ ఇంచుమించు ఒకేచోట పడ్డాయి.

"నార కింది సగమంతా ఎందుకు బాబూ?" అంది. "కబురు అందేది ఇక్కడ. ఇక్కడొక్కచోట మెత్తగా ఉంటే చాలదా?"

ఇంజనీరు ఆ గీతల మేరను బెత్తతో కొలిచాడు. తర్వాత తనలో తను మాట్లాడుకుంటున్నట్టు, "లోపలి కార్బన్ జోలికి వెళ్ళక్కర్లేదు. బయటి పొరలో మాత్రం, అరచెయ్యి ఆనేంత మేర... అంచుల దగ్గర పల్చగా కలిపేస్తే అతుకు తెలియదు," అంటూ కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు. భోజనానికి కూడా రాలేదు.

ఆ కాడ అంత తేలిగ్గా రాలేదు. మొదటిది అతుకు దగ్గర ఉబ్బింది. రెండోది పొడుగమ్మాయి గట్టిగా కొట్టేసరికి పొర లేచింది. తర్వాత అచ్చు వేడిని, జిగురు ఆరే తీరును కొద్దిగా మార్చారు. ఆఖరికి వచ్చినదాన్ని యంత్రం మీద పెడితే ముల్లు బిగువైన కార్బన్ కాడకు దాదాపు సమానంగా నిలిచింది. షెడ్డులో నల్లగుడ్డ చుట్టి ముగ్గురికీ ఇచ్చారు. కెప్టెనమ్మ మాట వినడానికి తొందరపడలేదు. వేళ్ళు చూస్తూ నిలబడింది. రెండో బంతి వచ్చింది, మూడోది వచ్చింది. పొడుగమ్మాయి కుడి చెయ్యి కాడ మీద నిద్రపోతున్న పిల్లను నిమిరినట్టు ఆని ఉంది.

"ఇప్పుడు కొట్టు," అంది కెప్టెనమ్మ.

బంతి షెడ్డు ఆ చివరి చెక్కకు తగిలి, ముందు గదుల్లో పనిచేసేవాళ్ళు తలుపు తీసి తొంగిచూసేంత చప్పుడు చేసింది.

క్లబ్బు ఆ కర్రలు తీసుకుంది. వాటితో ఆడిన మొదటి పెద్ద మ్యాచికి కెప్టెనమ్మ ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని వెళ్ళింది. భర్త ఆ పూటకు డ్యూటీ మార్చుకున్నాడు. స్టేడియంలో ముందువరుసలో కూర్చుని ప్రతి బంతికీ, "ఇందులో నీ పని ఎక్కడుంది?" అని అడుగుతూనే ఉన్నాడు. రెండో సగంలో అవతలి జట్టు అమ్మాయి గోలు మీదికి ఒక భయంకరమైన దెబ్బ కొట్టింది. పొడుగమ్మాయి అడ్డంగా కర్ర చాచింది. బంతి ఆగింది. ఎగరలేదు, పక్కకు పోలేదు. ఆమె బూటు ముందు కూర్చుంది. మరుక్షణం ఆమె దాన్ని మైదానం అవతలికి పంపేసింది.

"అదిగో," అంది కెప్టెనమ్మ. "అక్కడుంది."

భర్త ముందుకు వంగి చూశాడు. "చెయ్యి దులుపుకోలేదే ఆ పిల్ల," అన్నాడు.

"దులుపుకోదు," అంది అత్తగారు, ఆ కర్రను తనే తయారుచేసినంత ధీమాగా.

కట్టు విప్పాక స్పర్శ మెల్లమెల్లగా తిరిగొచ్చింది. ముందు బొటనవేలు, తర్వాత చూపుడు వేలు. నడిమి వేలి కొన మాత్రం దూది చుట్టినట్టే ఉండిపోయింది. డాక్టరు ఇంతకంటే ఆశించవద్దంది. కెప్టెనమ్మ ఆ వేలిని పెద్దగా పట్టించుకోలేదు. హుక్కులు పెట్టుకోగలుగుతోంది, గ్లాసు పట్టుకోగలుగుతోంది. అన్నిటికీ మించి, అత్తగారి కన్ను తప్పించి ఒకరోజు అంతా కార్బన్‌తో చేసిన ఆ పాత కర్రతో బంతి ఆపితే చేతికి చురుక్కుమంది. ఆ చురుకుకు ఆమె ఎంత సంతోషించిందో, ఆ రోజు షెడ్డులో నీళ్ళు పెడుతున్న పనివాడు ఇప్పటికీ చెబుతాడు.

"ఇంక ఆ ముగ్గురూ ఎందుకు? నీ చెయ్యి వచ్చేసిందిగా," అంది యజమానురాలు.

"నా చెయ్యి ఇంకోసారి సెలవు పెడితే నాకు చెప్పి పెడుతుందా మేడమ్?" అంది కెప్టెనమ్మ. "వాళ్ళు ఉండాలి. నల్లగుడ్డా ఉండాలి."

ఉన్నారు. ఇప్పుడు ఆ షెడ్డులో ఒక పద్ధతి ఏర్పడింది. కొత్త కాడ వస్తే ముందు ఆ ముగ్గురూ ఆడతారు, కెప్టెనమ్మ చూస్తుంది. ఆమె ఆడేది అందరి తర్వాత, మాట చెప్పేదీ అందరి తర్వాతే. ముందే చెబితే వాళ్ళ వేళ్ళు తన మాటే వింటాయని ఆమె భయం. ఆర్నెల్లకోసారి ఇంజనీరు ఆమెకు చెప్పకుండా ఒకే కాడను రెండుసార్లు ఇస్తాడు. ఆమె పసిగడితే, "దీన్ని ఇందాకే చూశాను బాబూ, వేరేది తే," అంటుంది. పసిగట్టలేకపోతే అతను చెబుతాడు, ఆమె సరే అంటుంది.

మొన్న ఒక కొత్త కాడ వచ్చింది. టీచరమ్మ బెట్టు చేస్తోందంది. తాళాలాయన కాదన్నాడు. పొడుగమ్మాయి ఇద్దరూ తప్పే అంది. ముగ్గురి గొంతులూ పైకప్పు రేకులకు తగిలి మోగుతుంటే, ఇంజనీరు చేతులు కట్టుకుని కెప్టెనమ్మ వైపు చూశాడు. ఆమె కర్ర అందుకుని కొనను నేలకు తట్టింది.

"అందరూ కాస్త ఆగండి," అంది. "గడ్డి ఆరిపోయింది, ముందు తడపండి. తర్వాత బంతులు వదలండి. మళ్ళీ మొదట్నుంచి."